ఉత్తర తెలంగాణలో హెచ్‌ఐవీ సేవలు: పరీక్షకూ మందుకూ నడుమ దారి ఎక్కడ తెగుతోంది?

సంక్షిప్తంగా

హెచ్‌ఐవీ నిర్ధారణ పరీక్ష, జీవితాంతం వాడాల్సిన మందులు, గర్భిణులకూ పుట్టబోయే బిడ్డలకూ రక్షణ, సూది గుచ్చుకున్నవారికి అత్యవసర మాత్రలు ప్రభుత్వాసుపత్రుల్లో పూర్తిగా ఉచితం. వరంగల్ ప్రాంతంలోనూ, పాత కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ జిల్లాల్లోనూ ఈ సేవలు ఏళ్లుగా నడుస్తున్నాయి. ఒక సేవ నుంచి తర్వాతి సేవకు చేరే దగ్గర మనుషులు తప్పిపోతున్నారు. ప్రైవేటు ల్యాబులో తేలిన ఫలితం, గల్ఫ్ మెడికల్‌లో పడిన 'అన్‌ఫిట్' ముద్ర, కాన్పుకు పుట్టింటికి వెళ్లిన గర్భిణి, బతుకుదెరువుకు ఊరు విడిచిన కూలీ ఇందుకు ప్రధానమైన ఉదాహరణలు. విషయం బయటపడుతుందన్న భయం వీటన్నిటిలోనూ ఉంది.

అంకెలను చదవడంలో గందరగోళం

ఏటా డిసెంబర్ 1న ప్రపంచ ఎయిడ్స్ దినం దగ్గర పడేసరికి జిల్లాలో ఇన్ని వేల కేసులు ఉన్నాయంటూ వార్తలు వస్తాయి. అదే సమయంలో వ్యాధి తగ్గుముఖం పట్టిందని అధికారులు ప్రకటిస్తారు. రెండూ ఒకేసారి ఎలా నిజమవుతాయన్న సందేహం పాఠకులకు కలగడం సహజం. నిజానికి రెండింటికీ పొంతన కుదురుతుంది, ఎందుకంటే అవి వేర్వేరు విషయాలను కొలిచే అంకెలు.

వార్తల్లో వచ్చే పెద్ద సంఖ్య సాధారణంగా ఏఆర్‌టీ (హెచ్‌ఐవీని అదుపులో ఉంచే మందుల చికిత్స) కేంద్రంలో మొదటి నుంచీ నమోదైనవారి మొత్తమో, ప్రస్తుతం మందులు వాడుతున్నవారి మొత్తమో అయి ఉంటుంది. మందులు బాగా పనిచేస్తే మనుషులు బతుకుతారు. బతికినకొద్దీ ఆ పట్టికలో పేర్లు పెరుగుతాయి. అంటే ఈ సంఖ్య పెరగడంలో కొంత భాగం వైద్యం సాధించిన ఫలితమే. ఒక ఏడాదిలో పరీక్షల్లో కొత్తగా పాజిటివ్‌గా తేలినవారి సంఖ్య రెండో రకం. వీరిలో ఎనిమిదేళ్ల కిందట వైరస్ సోకి ఇప్పుడు బయటపడినవారూ ఉంటారు కాబట్టి ఇది ఆ ఏడాది వ్యాప్తికి కొలత కాదు. ఆ ఏడాదిలో నిజంగా కొత్తగా సోకినవారి సంఖ్య మూడోది. దాన్ని నేరుగా లెక్కించే వీలు లేదు. జాతీయ ఎయిడ్స్ నియంత్రణ సంస్థ 'నాకో' గణిత నమూనాలతో అంచనా వేస్తుంది.

2021 అంచనాల ప్రకారం 15 నుంచి 49 ఏళ్ల వయసువారిలో హెచ్‌ఐవీ ఉన్నవారు దేశవ్యాప్తంగా 0.21 శాతం. తెలంగాణలో అది 0.47 శాతం, ఆంధ్రప్రదేశ్‌లో 0.67 శాతం, అన్నిటికంటే ఎక్కువగా మిజోరంలో 2.70 శాతం. 2005-06 జాతీయ కుటుంబ ఆరోగ్య సర్వేలో ఉమ్మడి ఆంధ్రప్రదేశ్ అంకె 0.97 శాతంగా నమోదైంది. సర్వేకూ అంచనాకూ పద్ధతి వేరు, అప్పటి రాష్ట్రం హద్దులూ వేరు కనుక ఈ రెంటినీ పక్కపక్కన పెట్టి తీసివేత చేయడం సరికాదు. అయినా దిశ మాత్రం స్పష్టం: వ్యాప్తి తగ్గింది, కానీ తెలంగాణ నేటికీ జాతీయ సగటుకు రెట్టింపు పైనే ఉంది.

ఉత్తర తెలంగాణ అంకెలకు మరో చిక్కు జిల్లాల విభజనతో వచ్చింది. 2016 అక్టోబర్‌లో పాత వరంగల్ జిల్లా ముక్కలైంది. 2019లో ములుగు ఏర్పడింది. 2021లో అర్బన్, రూరల్ జిల్లాల పేర్లు హనుమకొండ, వరంగల్‌గా మారాయి. మందుల కేంద్రాలు మాత్రం ప్రధానంగా పాత జిల్లా కేంద్రాల్లోనే కొనసాగుతున్నాయి. ములుగు ఏజెన్సీ వ్యక్తి వరంగల్ ఎంజీఎం ఆసుపత్రిలోని ఏఆర్‌టీ కేంద్రంలో నమోదైతే, ఆ పేరు కేంద్రం లెక్కలోకి వెళ్తుంది. కాబట్టి కేంద్రం అంకెను జిల్లా అంకెగా చదివితే వరంగల్‌లో వ్యాధి ఉన్నదానికంటే ఎక్కువగా, చుట్టుపక్కల జిల్లాల్లో ఉన్నదానికంటే తక్కువగా కనిపిస్తుంది.

పరీక్ష గదిలో జరిగేది

ప్రభుత్వ పరీక్ష కేంద్రాన్ని ఐసీటీసీ అంటారు. అక్కడ ఉండేది ప్రధానంగా ఇద్దరు: ఒక కౌన్సెలర్, ఒక ల్యాబ్ టెక్నీషియన్. రక్తం తీయడానికి ముందు కౌన్సెలర్ పరీక్ష ఎందుకో, ఫలితం ఎలా వచ్చినా తర్వాత ఏం చేయాలో చెప్పి సమ్మతి తీసుకోవాలి. ఫలితం కూడా వ్యక్తికే, ఆ గదిలోనే చెప్పాలి. ప్రాథమిక ఆరోగ్య కేంద్రాల్లో, ఏఎన్‌ఎంల వద్ద వేలి నుంచి చుక్క రక్తంతో చేసే పరీక్ష వడపోత మాత్రమే. అక్కడ 'రియాక్టివ్' (వైరస్ ఉండవచ్చన్న సూచన) వస్తే ఐసీటీసీకి పంపి నిర్ధారించాలి.

నిర్ధారణకు మూడు వేర్వేరు రకాల కిట్లు వాడతారు. మూడింటిలోనూ రియాక్టివ్ అయితేనే పాజిటివ్ అని రాస్తారు. ఇంత జాగ్రత్త ఎందుకో ఒక చిన్న లెక్కతో తెలుస్తుంది. వెయ్యి మందికి పరీక్ష చేస్తే వారిలో అయిదుగురికి నిజంగా వైరస్ ఉందనుకుందాం. కిట్ ఎంత మంచిదైనా వైరస్ లేనివారిలో వెయ్యికి అయిదుగురిని పొరపాటున పట్టి చూపిందనుకుందాం. అప్పుడు రియాక్టివ్ వచ్చిన పది మందిలో అయిదుగురికి అసలు జబ్బే లేదు. ఒక్క కిట్ ఫలితాన్ని నమ్మితే సగం మంది జీవితాలు అకారణంగా తలకిందులవుతాయి. వేర్వేరు సూత్రాలపై పనిచేసే రెండో, మూడో కిట్లు అదే పొరపాటును మళ్లీ చేసే అవకాశం చాలా తక్కువ.

ఎదురు దిశలోనూ ఒక పరిమితి ఉంది. ఈ కిట్లు పట్టేది వైరస్‌ను కాదు, దానికి ఎదురుగా శరీరం తయారుచేసుకునే యాంటీబాడీలను. అవి తయారుకావడానికి కొన్ని వారాలు పడుతుంది. ప్రమాదకరమైన సంపర్కం జరిగిన మూడో రోజునో, పదో రోజునో చేయించుకున్న పరీక్షలో నెగెటివ్ వస్తే నిశ్చింత పడడానికి వీల్లేదు. మూడు నెలలు నిండాక మళ్లీ చేయించుకోవాలి.

ప్రైవేటు ల్యాబు, గల్ఫ్ మెడికల్: తెగుతున్న మొదటి ముడి

ఈ ప్రాంతంలో చాలామందికి తమ పరిస్థితి ఐసీటీసీ గదిలో తెలియదు. ఆపరేషన్‌కు ముందు ప్రైవేటు ఆసుపత్రిలో రాసే రక్త పరీక్షల జాబితాలో హెచ్‌ఐవీ కూడా ఒక వరుసగా ఉంటుంది. రోగిని అడగడం, వివరించడం తరచుగా జరగవు. ఒక్క కిట్‌తో వచ్చిన రియాక్టివ్ కాగితం మంచం పక్కన ఉన్న బంధువు చేతికి వెళ్తుంది. ఆపై ఆపరేషన్ ఏదో ఒక సాకుతో వాయిదా పడుతుంది, రోగిని మరోచోటికి పొమ్మంటారు. ఈ క్రమంలో మూడు నష్టాలు జరుగుతాయి: ఫలితం నిర్ధారణ కాదు, గోప్యత పోతుంది, రోగి ఐసీటీసీకి చేరడు. ప్రతి రోగి రక్తాన్నీ ఒకే జాగ్రత్తతో చూడడం వైద్య ప్రమాణం. ఆ ప్రమాణం పాటించే ఆసుపత్రికి ఆపరేషన్ నిరాకరించే కారణమే ఉండదు.

గల్ఫ్ వలసది ఇంకా లోతైన సమస్య. జగిత్యాల, సిరిసిల్ల, నిజామాబాద్, నిర్మల్ ప్రాంతాల నుంచి దుబాయ్, సౌదీ, కువైట్, ఖతర్ వెళ్లేవారు వీసాకు ముందు ఆ దేశాలు గుర్తించిన ప్రైవేటు కేంద్రాల్లో మెడికల్ చేయించుకోవాలి. అందులో హెచ్‌ఐవీ పరీక్ష తప్పనిసరి, పాజిటివ్ వస్తే ప్రయాణం లేదు. ఆ మెడికల్ ఉద్దేశం పనికి తగినవారిని ఏరడం. అందువల్ల ఫలితం 'ఫిట్' లేదా 'అన్‌ఫిట్' అన్న ముద్రగా వస్తుంది. ఎందుకు అన్‌ఫిట్ అయ్యాడో, తర్వాత ఎక్కడికి వెళ్లాలో కూర్చోబెట్టి చెప్పే బాధ్యత ఆ ఏర్పాటులో ఎవరికీ లేదు. వీసాకు అప్పు చేసిన యువకుడు ఏజెంటుకు కట్టిన డబ్బు ఎలా రాబట్టుకోవాలన్న ఆందోళనలో పడతాడు. ఊళ్లో అడిగితే బీపీ వచ్చిందనో, ఊపిరితిత్తుల ఫొటోలో మచ్చ కనిపించిందనో చెప్పి ఊరుకుంటాడు. ఆ ముద్రకూ ఐసీటీసీకీ నడుమ వంతెన లేదు.

గల్ఫ్‌లో ఉండగా అకామా (నివాస అనుమతి) రెన్యువల్ సమయంలో జరిగే పరీక్షలో బయటపడినవారిని తిప్పి పంపేస్తారు. వారు విమానాశ్రయంలో దిగాక ఏ ఆరోగ్య వ్యవస్థ జాబితాలోనూ ఉండరు. ఇక్కడ మరొక సూక్ష్మం ఉంది. మందులు క్రమంగా వాడి రక్తంలో వైరస్ కనిపించని స్థితికి వచ్చినవారికి కూడా యాంటీబాడీ పరీక్ష జీవితాంతం రియాక్టివ్‌గానే వస్తుంది. లైంగిక సంపర్కం ద్వారా ఇతరులకు సోకించే అవకాశం లేని ఆరోగ్యవంతుడైన కార్మికుడికీ ఆ నిబంధన తలుపు మూసేస్తుంది. దానిని మార్చడం రాష్ట్ర ప్రభుత్వం చేతిలో లేదు. అన్‌ఫిట్ అయిన ప్రతి ఒక్కరికీ ఏ పరీక్ష వల్ల అలా వచ్చిందో విడిగా చెప్పి, దగ్గరి ఐసీటీసీ చిరునామా ఉన్న చీటీ ఇప్పించడం మాత్రం ఇక్కడే సాధ్యమైన పని. గల్ఫ్ కార్మికుల సంక్షేమం గురించి జరిగే చర్చల్లో ఇంత చిన్న ఏర్పాటు ప్రస్తావనకు రాకపోవడం పెద్ద లోటు.

మందు పనిచేసే తీరు, దూరం పెట్టే పరీక్ష

దేశంలో ఉచిత ఏఆర్‌టీ 2004 ఏప్రిల్ 1న మొదలైంది. అప్పట్లో రోగనిరోధక శక్తిని సూచించే సీడీ4 కణాలు 200 కంటే తగ్గితేనే మందులు ఇచ్చేవారు. ఆ హద్దును దశలవారీగా పెంచి, 2017 నుంచి సీడీ4 ఎంత ఉన్నా పాజిటివ్ అని తేలిన ప్రతివారికీ వెంటనే మందులు మొదలుపెడుతున్నారు. ఏఆర్‌టీ కేంద్రాల్లో సంఖ్యలు పెరగడానికి ఈ విధానపు మార్పు కూడా ఒక కారణం.

ఇప్పుడు ఎక్కువమంది పెద్దలకు ఇచ్చేది టెనోఫోవిర్, లామివుడిన్, డోలుటెగ్రావిర్ అనే మూడు మందులు కలిసిన ఒకే మాత్ర. రోజుకొకటి. ఈ మందులు వైరస్ తన నకళ్లను తయారుచేసుకునే దశలను అడ్డుకుంటాయి. శరీరంలో దాగిన వైరస్ మాత్రం పోదు. మాత్రలు ఆపిన కొద్ది వారాలకే మళ్లీ పెరుగుతుంది. అడపాదడపా వేసుకుంటే ప్రమాదం ఇంకా ఎక్కువ. మందు పూర్తిగా లేనప్పుడు వైరస్ మామూలుగా పెరుగుతుంది, అరకొరగా ఉన్నప్పుడు మందును తట్టుకునే రకాలు ఏరుకున్నట్టు మిగిలి పెరుగుతాయి. అందుకే కౌన్సెలర్ ప్రతిసారీ సీసాలో మిగిలిన మాత్రలను లెక్కపెడతారు. ఆరు నెలలకు చేసే వైరల్ లోడ్ (రక్తంలో వైరస్ ఎంత ఉందో కొలిచే) పరీక్ష, ఆ తర్వాత నిర్ణీత కాలానికి చేసేవి, మందు పనిచేస్తోందో లేదో తేలుస్తాయి. వైరల్ లోడ్ కనిపించనంతగా తగ్గి, అలాగే నిలిచి ఉన్న వ్యక్తి నుంచి లైంగిక సంపర్కం ద్వారా వైరస్ సోకదన్నది ఇప్పుడు వైద్యశాస్త్రం అంగీకరించిన విషయం. చికిత్స నివారణగా కూడా మారే చోటు ఇదే.

వరంగల్, కరీంనగర్, నిజామాబాద్, ఆదిలాబాద్ కేంద్రాలకు దూరప్రాంతాల నుంచి వచ్చేవారికి మాత్ర ఉచితమే, ప్రయాణం ఉచితం కాదు. వాజేడు, వెంకటాపురం మండలాల నుంచి వరంగల్ వంద కిలోమీటర్లకు పైమాటే. ఒక రోజు కూలి పోతుంది, బస్సు ఛార్జీలు పడతాయి, నెలనెలా పట్నం ఎందుకు పోతున్నావని ఇరుగుపొరుగు అడుగుతారు. దీనికి రెండు పరిష్కారాలు అమల్లో ఉన్నాయి. ప్రధాన కేంద్రంలో చికిత్స మొదలై పరిస్థితి కుదుటపడినవారికి దగ్గరి ఆసుపత్రిలోని లింక్ ఏఆర్‌టీ కేంద్రంలో మందులు ఇవ్వడం ఒకటి. ఒకేసారి రెండు, మూడు నెలల మందులు ఇవ్వడం రెండోది. మొదటి పరిష్కారం కాగితం మీద మెరుగైనదిగా కనిపించినా కొందరు కావాలనే దాన్ని వద్దంటారు. దగ్గరి ఆసుపత్రిలో తెలిసినవారు ఎదురుపడతారన్నది వారి భయం. దూరం భారమే, కానీ దూరంలో గుట్టు ఉంది. ఇంటికి చేరేలోపు సీసా మీది కాగితం చింపి, మాత్రలను బీపీ మందుల డబ్బాలోకి మార్చుకునేవారి దృష్టితో చూస్తే ఈ ఎంపిక అర్థమవుతుంది. కనుక ప్రయాణాన్ని తగ్గించాలంటే ఎక్కువ నెలల మందులు ఒకేసారి ఇచ్చే పద్ధతికే ప్రాధాన్యం ఇవ్వడం మంచిది.

భివండి, ముంబయి, సూరత్ వైపు వలసపోయినవారికి బదిలీ సౌకర్యం ఉంది. ఒక కేంద్రం నుంచి కాగితాలు తీసుకుని దేశంలో ఏ ఏఆర్‌టీ కేంద్రంలోనైనా చేరవచ్చు. 'సోచ్' అనే ఉమ్మడి కంప్యూటర్ వ్యవస్థ ఇందుకు తోడ్పడుతుంది. చెప్పకుండా వెళ్లిపోయినప్పుడే దారం తెగుతుంది.

తల్లి నుంచి బిడ్డకు

వ్యవస్థ అత్యంత స్పష్టమైన ఫలితం చూపగలిగేది ఇక్కడే. ఏ జోక్యమూ లేకపోతే పాజిటివ్ తల్లి నుంచి బిడ్డకు గర్భంలో, కాన్పులో లేదా పాల ద్వారా వైరస్ చేరే అవకాశం 15 నుంచి 45 శాతం దాకా ఉంటుంది. తల్లి సకాలంలో మందులు మొదలుపెట్టి, బిడ్డకు పుట్టగానే నివారణ సిరప్ ఇస్తే అది 5 శాతం లోపుకు దిగుతుంది. అందుకే గర్భం నమోదైనప్పుడే హెచ్‌ఐవీ, సిఫిలిస్ పరీక్షలు రెండూ చేస్తారు.

బిడ్డకు సోకిందో లేదో తేల్చడం పెద్దలకు తేల్చినంత సులువు కాదు. తల్లి యాంటీబాడీలు మాయ ద్వారా బిడ్డ రక్తంలోకి వచ్చి నెలల తరబడి ఉంటాయి కాబట్టి మామూలు కిట్ అందరు బిడ్డలనూ రియాక్టివ్‌గా చూపవచ్చు. అందువల్ల ఆరో వారంలో బిడ్డ మడమ నుంచి తీసిన రక్తపు చుక్కలను ప్రత్యేకమైన కాగితం కార్డు మీద గుండ్రటి గడుల్లో పడేలా వేసి, ఆరబెట్టి, పెద్ద ల్యాబుకు పంపుతారు. అక్కడ నేరుగా వైరస్ జన్యుపదార్థాన్ని వెతుకుతారు. ఆరో నెలలో, ఏడాదికి మళ్లీ చూసి, పద్దెనిమిదో నెలలో యాంటీబాడీ పరీక్షతో తుది నిర్ణయం చేస్తారు.

ఈ పద్దెనిమిది నెలల కాలమే ఇక్కడి ఆచారాలతో ఢీకొంటుంది. తొలి కాన్పు పుట్టింట జరగడం మామూలు. పరీక్ష భూపాలపల్లిలో, కాన్పు జనగామలో, తర్వాత కాపురం హైదరాబాద్‌లో అయితే మూడు జిల్లాల సిబ్బంది ఒకే తల్లీబిడ్డలను వెంబడించాలి. పుట్టింటివారికి విషయం తెలియకపోతే సిరప్ ఎందుకు పోస్తున్నావన్న ప్రశ్నకు ఆ తల్లి దగ్గర జవాబు ఉండదు. గర్భిణి పరీక్ష వల్ల ఇంట్లో మొదట బయటపడేది భార్య విషయమే. వైరస్ తెచ్చింది ఎవరన్నది తేలకముందే నింద ఆమె మీద పడుతుంది. కౌన్సెలర్లు భార్యాభర్తలిద్దరికీ కలిపి పరీక్ష చేయించడానికి ప్రయత్నించడం వెనుక ఈ అనుభవం ఉంది.

నివారణ: మారిన చిరునామాలు

రక్తంతో కలుషితమైన సూది గుచ్చుకున్న నర్సుకైనా, అత్యాచార బాధితురాలికైనా వీలైనంత త్వరగా, ఎట్టి పరిస్థితుల్లోనూ 72 గంటల్లోపు మందులు మొదలుపెట్టి 28 రోజులు వాడితే వైరస్ నిలదొక్కుకోకుండా ఆపవచ్చు. ఈ సంగతి పారిశుధ్య కార్మికులకు, ప్రైవేటు నర్సింగ్ హోంల సిబ్బందికి తెలియాల్సినంతగా తెలియదు.

సెక్స్ వర్కర్లు, స్వలింగ సంపర్క పురుషులు, ట్రాన్స్‌జెండర్లు, సూదులతో మత్తు తీసుకునేవారు, లారీ డ్రైవర్లు, వలస కూలీల మధ్య స్వచ్ఛంద సంస్థలు నడిపే కార్యక్రమాలు ఒకప్పుడు స్థలాల మీద ఆధారపడ్డాయి. జంక్షన్, లాడ్జి, దాబా, లారీల అడ్డా ఎక్కడుందో తెలిస్తే అక్కడికి కండోములు, పరీక్ష, సలహా చేరేవి. ఇప్పుడు పరిచయాలు ఫోన్లలోకి మారాయి. స్థలం పట్టికలో ఉంటుంది, మనుషులు అక్కడ ఉండరు. తమను ఏ ప్రత్యేక వర్గంలోనూ చేర్చుకోని, పాత జాబితాలకు అందని యువతీయువకుల కోసం 'సంపూర్ణ సురక్షా కేంద్రాలు' అనే కొత్త పద్ధతిని నాకో తెచ్చింది. నెగెటివ్ వచ్చినా ప్రమాదంలో ఉన్నవారిని అలాగే వదిలేయకుండా క్రమంగా మళ్లీ పరీక్షించడం దాని సారం.

చట్టం ఇచ్చినవి

2017లో ఆమోదం పొంది, 2018 సెప్టెంబర్ 10న అమల్లోకి వచ్చిన హెచ్‌ఐవీ, ఎయిడ్స్ చట్టం సమ్మతి లేని పరీక్షను, సమ్మతి లేకుండా విషయం వెల్లడించడాన్ని నిషేధిస్తుంది. ఉద్యోగం, చదువు, వైద్యం, అద్దె ఇల్లు విషయాల్లో వివక్ష చూపకూడదంటుంది. ఉమ్మడి ఇంట్లో నివసించే హక్కును కాపాడుతుంది. ఇరవై మంది, అంతకు మించి సిబ్బంది ఉన్న వైద్య సంస్థ ఫిర్యాదుల అధికారిని నియమించుకోవాలి. ఫిర్యాదులు వినడానికి రాష్ట్ర స్థాయిలో అంబుడ్స్‌మన్ ఉండాలి. అయితే ఫిర్యాదు చేయడమంటేనే తన పరిస్థితిని మరికొందరికి చెప్పుకోవడం. విచారణలో గుర్తింపును దాచే వీలును చట్టం కల్పించినా, ఆ సంగతి బాధితుల దాకా చేరలేదు.

పింఛనుదీ ఇదే తీరు. రాష్ట్ర ప్రభుత్వం ఆసరా పథకంలో హెచ్‌ఐవీ బాధితులను చేర్చింది. 2019లో పింఛను 2,016 రూపాయలైంది. ఒంటరి మహిళకు అది మందుల కోసం వెళ్లిరావడానికి, నెలవారీ బియ్యం పప్పుకు ఆధారం. ఏ కోవ కింద పింఛను వస్తోందో ఊళ్లో తెలిసిపోతుందన్న అనుమానంతో అర్హులు కొందరు దరఖాస్తే పెట్టరు.

ముందున్న మార్పు

తొలి విడతలో మందులు మొదలుపెట్టినవారు ఇప్పుడు యాభై, అరవై ఏళ్ల వయసులోకి వస్తున్నారు. వారికి షుగర్, బీపీ, గుండె జబ్బులు అందరిలాగే వస్తున్నాయి. క్షయ ముప్పు అందరికంటే ఎక్కువ కాబట్టి ఏఆర్‌టీ కేంద్రానికి వచ్చిన ప్రతిసారీ దగ్గు, జ్వరం, బరువు తగ్గడం, రాత్రి చెమటల గురించి అడుగుతారు. క్షయ రోగులకు హెచ్‌ఐవీ పరీక్ష కూడా చేస్తారు. షుగర్, బీపీ మందులు దొరికేది మాత్రం ఊరి దగ్గరి ప్రాథమిక ఆరోగ్య కేంద్రంలో, పల్లె దవాఖానలో. కొన్ని మందులు కలిసినప్పుడు మోతాదు మార్చాలి. ఉదాహరణకు షుగర్‌కు విస్తృతంగా వాడే మెట్‌ఫార్మిన్ స్థాయిని డోలుటెగ్రావిర్ రక్తంలో పెంచుతుంది. రోగి తాను ఏఆర్‌టీ వాడుతున్నట్టు ఊరి డాక్టరుకు చెప్పకపోతే ఆ జాగ్రత్త తీసుకోవడం కుదరదు. ఇంతకాలం ఒకటి రెండు గదులకే పరిమితమైన గోప్యత బాధ్యత ఇక మండల స్థాయి సిబ్బంది మీదికి వస్తుంది. వారికి ఆ శిక్షణ ఇవ్వాల్సింది జిల్లా ఆరోగ్య యంత్రాంగమే. అప్పటిదాకా దగ్గరి కేంద్రం ఎక్కడో, ఏ మందుతో ఏ జాగ్రత్తో పేరు చెప్పకుండా అడిగి తెలుసుకోవాలనుకునేవారికి జాతీయ ఉచిత హెల్ప్‌లైన్ 1097 అందుబాటులో ఉంది.